నెత్తిన కట్టిన అంటు

గుంటూరు నుంచి ఒక యువకుడు ఈ ప్రశ్న పంపాడు. "మాది వ్యవసాయ కుటుంబమండి. చవిటి నేలలో ఎంత మంచి నారు నాటినా నిలవదని చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. మరి జుట్టు రాలిపోయిన నెత్తి మీద, వెనక నుంచి తెచ్చి నాటిన వెంట్రుక మాత్రం ఎలా బతుకుతుంది? ముందున్నది పోయిన చోట ఇదీ పోవాలి కదండీ?" అతని వయసు 26.

బట్టతల గురించి వచ్చే ప్రశ్నలన్నీ సాధారణంగా ఖర్చు దగ్గర మొదలై ఖర్చు దగ్గరే ఆగిపోతాయి. ఇది మాత్రం పొలం గట్టు మీద పుట్టిన ప్రశ్న కనుక దీనిలో ఒక సిద్ధాంతం దాగి ఉంది: లోపం నేలదే అన్న సిద్ధాంతం. తలచర్మం బిగుసుకుపోయి నెత్తికి రక్తం చాలకపోవడం వల్లనే బట్టతల వస్తుందని నమ్మిన వైద్యులు ఒకప్పుడు ఉండేవారు. మన వైపు ఆ నేరాన్ని బోరు నీళ్ల మీద, హెల్మెట్టు చెమట మీద, మార్చిన షాంపూ మీద మోపుతున్నాము. అవే నీళ్లతో తడిసి, అదే హెల్మెట్టు కింద ఉక్కపోసే చెవుల పైభాగమూ, తల వెనక భాగమూ ఒత్తుగానే ఎందుకు ఉంటాయో ఎవరూ అడగరు.

న్యూయార్కు చర్మవైద్యుడు నార్మన్ ఓరెన్‌ట్రైక్ అడిగాడు. చిన్న చిన్న చర్మపు బిళ్లలను కోసి, వాటి చోట్లను తారుమారు చేసి, ఫలితాన్ని 1959లో ప్రచురించాడు. వెనక తలలోని బిళ్లను బట్టతల మీద పెడితే దాని మీది జుట్టు యథాప్రకారం పెరుగుతూ వచ్చింది. బట్టతల బిళ్లను ఒత్తైన జుట్టు మధ్య పెడితే, చుట్టూ అడవి ఉన్నా అది బోసిగానే మిగిలింది. ఎక్కడ పెట్టామన్నది లెక్కలోకి రాలేదు, ఎక్కడి నుంచి తెచ్చామన్నదే నిర్ణయించింది. జపానులో షోజీ ఒకుడా 1939లోనే ఇలా జుట్టు నాటడాన్ని కాలిన మచ్చల మీద చేసి చూపినా, అది జపాను భాషలో ఉండటం వల్లా, వెంటనే యుద్ధం రావడం వల్లా పాశ్చాత్య వైద్యులకు చాలాకాలం తెలియలేదు.

కాబట్టి మన యువకుడు వరిమడి వైపు నుంచి చూపు మరల్చి, ఒకసారి నూజివీడు మామిడి తోటల వైపు చూడాలి. నాటు మామిడి టెంకను మొలిపించి, ఆ మొలకకు చిన్నరసం కొమ్మను అంటు కడతారు. వేరు నాటుదే, నేలలోంచి నీరు తోడి ఇచ్చేదీ నాటుదే; అయినా కాపుకు వచ్చిన నాడు ఆ కొమ్మకు వేలాడేది చిన్నరసమే. కొమ్మ తన గుణాన్ని తనతో తెచ్చుకుంది. శస్త్రవైద్యులు నాటే ఒక్కొక్క వెంట్రుకల గుచ్ఛాన్ని గ్రాఫ్టు అంటారు. తోటమాలి భాషలో ఆ మాటకు అర్థం అంటు.

ఈ పోలిక నాకు ఎంత నచ్చిందంటే, దీన్ని చివరి దాకా లాగకుండా ఉండలేను. కోసిన కొమ్మ ఎండకుండా తడి గోనెలో చుట్టినట్టే, తీసిన గ్రాఫ్టులను చల్లని సెలైన్‌లో ఉంచి, బయట గడిచే ప్రతి గంటనూ లెక్కపెడతారు. కొమ్మ పచ్చిపొర మొలక పచ్చిపొరతో కలవకపోతే అంటు ఎండిపోయినట్టే, కొద్ది రోజుల్లో కొత్త రక్తనాళాలు అందకపోతే గ్రాఫ్టు చచ్చిపోతుంది. ఒకనాడు నాలుగు మిల్లీమీటర్ల బిళ్లలు నాటడం వల్ల తల బొమ్మ జుట్టులా గుత్తులు గుత్తులుగా కనిపించేది. ఇప్పుడు ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలుండే సహజ గుచ్ఛాలను, ఒక మిల్లీమీటరు లోపు సూదిగొట్టంతో విడివిడిగా తీయడమో, వెనక నుంచి ఒక చర్మపు పట్టీని కోసి సూక్ష్మదర్శిని కింద విడదీయడమో చేస్తారు.

ఇంతకీ కొమ్మ తెచ్చుకున్న ఆ గుణం ఏమిటి? ఇంటర్మీడియట్ పుస్తకాల్లో రోమపుటిక అనే మాటను రెండు మార్కుల కోసం వల్లించి మరిచిపోయే పిల్లలకు, వెంట్రుక కుదురు అని ఒక్కసారి చెబితే జీవితమంతా గుర్తుంటుంది. రక్తంలోని పురుష హార్మోను టెస్టోస్టిరాన్‌ను 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైము, ముఖ్యంగా దాని రెండో రకం, డైహైడ్రోటెస్టోస్టిరాన్‌గా మారుస్తుంది. అది కుదురు అడుగున ఉన్న కణాలలోని ఆండ్రోజన్ గ్రాహకానికి, అంటే పురుష హార్మోన్లను పట్టుకునే ప్రొటీనుకు, అతుక్కుంటే, నెత్తి మీది కుదుళ్లలో ఆ కణాలు టీజీఎఫ్-బీటా, డీకేకే-1 వంటి ప్రొటీన్లను విడుదల చేసి పెరుగుదలను అణచివేస్తాయి. రెండు నుంచి ఆరేళ్లు సాగవలసిన పెరుగుదల దశ ప్రతి విడతకూ కురచనై, చివరకు నెలలకు దిగుతుంది. కుదురు కుంచించుకుపోయి నూగు వెంట్రుకను మాత్రమే ఇస్తుంది. వెనక తల కుదుళ్లకు ఈ హార్మోను మాట అంతగా వినిపించదు. గడ్డం కుదుళ్లు అదే మాట విని ఏపుగా ఎదుగుతాయి. ఒకే రక్తం, ఒకే హార్మోను, మూడు రకాల జవాబులు! ఆ గ్రాహకపు జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది కనుక మగవాడికి అది తల్లి నుంచే వస్తుంది. అయితే తండ్రి నుంచి వచ్చే జన్యువులూ అనేకం కలుస్తాయి కనుక తాతగారిని ఒక్కరినే నిందించడం న్యాయం కాదు.

గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందన్న నమ్మకం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. దుర్గమ్మకు మొక్కు చెల్లించడం భక్తికి సంబంధించిన విషయం, దానితో నాకు పేచీ లేదు. కానీ కత్తి తాకేది చర్మం పైకి వచ్చిన నిర్జీవమైన కాడను మాత్రమే. కుదురు చర్మం లోపల ఉంటుంది. మొనలేని మొద్దు అంచుతో పైకి రావడం వల్ల కొత్త వెంట్రుక దళసరిగా అనిపిస్తుంది.

ఇక నా పోలిక తెగిపోయే చోటుకు వస్తాను. మామిడి చెట్టు కోసిన కొమ్మకు బదులు కొత్త కొమ్మ వేస్తుంది. వెనక తల వేయదు. తీసిన కుదురు ఒక చోటు నుంచి మరొక చోటుకు మారిందే తప్ప కుదుళ్ల సంఖ్య పెరగలేదు. జీవితకాలంలో వెనక నుంచి లోటు కనిపించకుండా తీయగలిగేవి సుమారు ఐదారు వేల గ్రాఫ్టులు. పైగా అంటు కట్టడం వల్ల పక్కనున్న పాత చెట్ల తెగులు ఆగదు. ఇరవై రెండేళ్లకే నుదుటి మీద దట్టంగా నాటించుకున్నవాడికి, ఆ వరుస వెనక నెత్తి మీదున్న అసలు జుట్టు ఏటేటా తరిగిపోతుంటే, నాటిన వరుస మాత్రం కృష్ణలో లంకలాగా ఒంటరిగా మిగులుతుంది.

మందుల అవసరం ఇక్కడే. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడం అంటాం గానీ, ఫినాస్టరైడ్ అనే బట్టతల మాత్ర చరిత్ర అచ్చంగా అటువంటి ముడే. డొమినికన్ రిపబ్లిక్‌లో కొన్ని కుటుంబాల మగపిల్లలు పుట్టుకతో ఆడపిల్లల్లా కనిపించి యుక్తవయసులో పురుషులుగా మారడాన్ని 1974లో జూలియన్ ఇంపెరాటో-మెక్‌గిన్లీ బృందం వివరించింది. వారిలో లోపించినది ఆ రిడక్టేజ్ ఎంజైమే. పెద్దయ్యాక వారి ప్రోస్టేట్, అంటే మగవారిలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి, చిన్నదిగానే ఉండేది, నుదుటి జుట్టు వెనక్కి పోయేది కాదు. ఆ ఎంజైమును అడ్డుకునే ఫినాస్టరైడ్‌కు అమెరికాలో 1992లో ప్రోస్టేట్ పెరుగుదలకు 5 మిల్లీగ్రాముల మాత్రగా, 1997లో బట్టతలకు 1 మిల్లీగ్రాము మాత్రగా అనుమతి లభించింది. 1,553 మంది పురుషుల మీద జరిగిన పరీక్షలో రెండేళ్ల తరువాత, మందు వాడినవారిలో 83 శాతం మందికి వెంట్రుకల సంఖ్య తగ్గలేదు. ఉత్తి మాత్ర మింగినవారిలో అలా నిలిచినవారు 28 శాతమే. కొద్దిమందిలో లైంగిక వాంఛ, పటుత్వం తగ్గవచ్చు, మనసు కుంగవచ్చు. ప్రోస్టేట్ క్యాన్సరును పసిగట్టడానికి చేసే పీఎస్ఏ రక్తపరీక్ష విలువ సుమారు సగానికి పడిపోతుంది కనుక ఆ పరీక్ష రాసే వైద్యుడికి ఈ మాత్ర సంగతి చెప్పి తీరాలి. గర్భిణులు విరిగిన మాత్రను తాకకూడదు.

మినాక్సిడిల్ రక్తపోటు మందుగా 1979లో వచ్చి, వాడినవారికి ఒంటినిండా వెంట్రుకలు మొలిపించి, 1988లో తలకు రాసే ద్రవంగా మారింది. చర్మంలోని సల్ఫోట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైము దాన్ని మార్చితేనే పనిచేస్తుంది, అది తక్కువగా ఉన్నవారికి ఫలితమూ తక్కువే. మొదటి వారాల్లో విశ్రాంతి దశలోని వెంట్రుకలను కొత్తవి తోసివేయడం వల్ల జుట్టు మరింత రాలుతుంది. చాలామంది భయపడి అక్కడే మానేస్తారు. ఏ మందైనా ఆపేస్తే కొన్ని నెలల్లో నిలిపిన జుట్టు పోతుంది.

ఆ యువకుడికి నేను రాసిన జవాబు ఇది. నాటిన వెంట్రుక నిలుస్తుంది, కానీ 2 నుంచి 6 వారాల్లో దాని కాడ రాలిపోతుంది, కంగారు పడవద్దు. 3, 4 నెలలకు కుదురు మళ్లీ మొలకెత్తుతుంది, పూర్తి ఫలితానికి ఏడాది పడుతుంది. నాటించుకునే ముందు చర్మవైద్యుడి పర్యవేక్షణలో ఒక ఏడాది మందు వాడి, నెలనెలా ఒకే వెలుతురులో ఫోటో తీసుకుని చూడు. కత్తి పట్టేవారు చర్మవైద్యంలోనో ప్లాస్టిక్ సర్జరీలోనో పట్టా ఉన్నవారేనా అని అడుగు. యూట్యూబులో చూసి నేర్చుకోవడం శిక్షణ కిందికి రాదని జాతీయ వైద్య కమిషన్ 2022లో తన మార్గదర్శకాలలో ప్రత్యేకంగా రాయవలసి వచ్చింది.