ఆకు వాలితే నీళ్లు పోసేయడమేనా? (అపోహలు - వాస్తవాలు)

అపోహ: మొక్క వాడిందంటే మట్టిలో నీళ్లు చాలలేదన్నమాట.

వాస్తవం: కాదు. ఆకుదాకా నీళ్లు చేరడం లేదన్నమాట, అంతే. ఈ తేడా తెలియకే కుండీల్లో ఎన్నో మొక్కలు నీళ్లెక్కువై చస్తున్నాయి. వేరు నీళ్లు తీసుకోవాలంటే దానికి ఊపిరాడాలి. మట్టి సందుల్లో నీళ్లు నిలిస్తే ఆక్సిజన్ అందదు. గాలిలో కంటే నీటిలో అది సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది మరి. ఆక్సిజన్ అందని వేరు కణాల్లో ఆమ్లత్వం పెరిగి, నీటిని లోపలికి వదిలే ఆక్వాపోరిన్ ద్వారాలు మూసుకుంటాయి. నీళ్లలో నిలబడే మొక్క వాడిపోతుంది. అది చూసి మనం ఇంకో చెంబు పోస్తాం!

ముందు రెండు అంగుళాల లోతుకు వేలు పెట్టి చూడండి. పొడిగా ఉంటే అడుగు రంధ్రాల్లోంచి కారేదాకా పోసి, అరగంటయ్యాక పళ్లెంలో మిగిలింది పారబోయండి. తడిగా ఉంటే పోయకండి. మధ్యాహ్నం వాలి సాయంత్రానికి నిలబడుతుంటే కంగారు పడక్కర్లేదు, ఆకు ఆవిరి చేసే వేగాన్ని వేరు అందుకోలేకపోయింది, అంతే. తడి మట్టిలో పొద్దున్నే వాలి ఉంటేనే మొక్కను బయటికి తీయండి. మంచి వేరు గట్టిగా ఉంటుంది. కుళ్లిన వేరును లాగితే పైపొర ఊడొచ్చి సన్నటి దారం మిగులుతుంది. కుళ్లినవన్నీ శుభ్రమైన కత్తెరతో తీసేసి, మిగిలిన వేర్లకు సరిపడే చిన్న కుండీలో గుల్లమట్టి వేసి నాటి, నీడలో పెట్టండి. కొత్త చిగురు వచ్చేదాకా ఎరువు వద్దు. ఎరువులోని లవణాలు ఎక్కువైతే వేరులోని నీళ్లే మట్టిలోకి పోతాయి. "బలానికి" అంటూ గుప్పెడు ఎరువు వేయడం చాలామంది చేసే రెండో తప్పు. ఇక అడుగున గులకరాళ్లు పరిస్తే నీళ్లు త్వరగా దిగుతాయన్నది ఒట్టి మాట. పైమట్టి పూర్తిగా నానేదాకా నీళ్లు రాళ్లలోకి దిగవు. తడి పొర ఇంకా పైకి, వేర్ల దగ్గరికే జరుగుతుంది.

అపోహ: వేరు మోటారులా నీళ్లు పైకి తోస్తుంది.

వాస్తవం: ప్రధానంగా లాగేది ఆకు. పత్రరంధ్రాల్లోంచి నీరు ఆవిరవుతుంటే, దారువు (కాండంలో నీళ్లు మోసే కణజాలం) గొట్టాల్లో ఒకదాన్నొకటి పట్టుకున్న నీటి అణువులు తాడులా పైకి వస్తాయి. శాస్త్రవేత్తలు డిక్సన్, జోలీ 1894లోనే చెప్పిన సంగతి ఇది. వేరు పీడనం ఉన్నమాట నిజమే, కొన్ని మొక్కల ఆకు అంచున తెల్లవారి కనిపించే బొట్లు దానివల్లే. కానీ 100 మీటర్లు దాటిన రెడ్‌వుడ్ చెట్టు కొసకు అది చాలదు. కేశనాళికీయతా (సన్నటి గొట్టంలో నీరు తనంతట తానే పైకెక్కడం) చాలదు: 50 మైక్రాన్ల (మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు) వ్యాసమున్న గొట్టంలో నీరు ఎక్కేది సుమారు 60 సెంటీమీటర్లే. గాలిబుడగ చేరితే తాడు తెగుతుంది. అందుకే పూలకాడను నీళ్లలో ముంచి ఉంచే కొస కోయాలి.

అపోహ: చక్కెర ఎప్పుడూ కిందికే దిగుతుంది.

వాస్తవం: తయారైన చోటి నుంచి అవసరమున్న చోటికి పోతుంది. చిగురు వేసేటప్పుడు వేర్లలో దాచింది పైకే వస్తుంది.

అపోహ: బెరడు పైతోలే, పోయినా చెట్టుకు ఏమీ కాదు.

వాస్తవం: చక్కెరను మోసే పోషక కణజాలం ఉండేది బెరడు లోపలి పొరలోనే. చుట్టూ బెరడు పోయినా దారువు మిగిలి ఉంటుంది కాబట్టి ఆకులు వారాలు, నెలలు పచ్చగానే ఉంటాయి. ఈలోగా కింద వేర్లు ఆకలితో చస్తాయి. కాండానికి కట్టిన లోహపు తీగకు పైన కాండం ఉబ్బి కనిపిస్తే ఆ రోజే తీగ కోసేయండి. లోపలికి దిగబడిపోతే పీకవద్దు, కనిపించినంత మేరకు ముక్కలుగా కత్తిరించి వదిలేయండి.