ఈ20 పెట్రోలు, పడవ ఇంజను, మధ్యలో ఒక రబ్బరు పైపు

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీట మునిగినప్పుడు, ఇళ్లలో చిక్కుకున్నవాళ్ల కోసం ఎన్డీఆర్ఎఫ్ రబ్బరు పడవలు దిగాయి. అలాంటి పడవల వెనక బిగించి ఉండేదే ఔట్‌బోర్డ్ ఇంజను. పెట్రోలుతో నడుస్తుంది. నెలల తరబడి ఊరికే పడి ఉన్నా, వరద వచ్చిన రోజు మాత్రం వెంటనే స్టార్ట్ అవ్వాలి. స్టార్ట్ అయ్యాక నడి నీళ్లలో ఆగకూడదు. ట్యాంకు నుంచి ఇంజనుకు పెట్రోలు తీసుకెళ్లే రెండు మూడు మీటర్ల పైపు మీద ఇంత శ్రద్ధ ఎందుకు పెట్టాలంటే ఇందుకే. పైగా మన బంకుల్లో పెట్రోలు మారింది. పాత పైపులు మాత్రం చాలా పడవల మీద అలాగే ఉన్నాయి.

మన దేశంలో పెట్రోలులో 10 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యం 2022లో నెరవేరింది. 2023 ఫిబ్రవరిలో 20 శాతం కలిపిన ఈ20 అమ్మకాలు మొదలయ్యాయి, 2025కల్లా అదే మామూలు పెట్రోలు అయిపోయింది. ఔట్‌బోర్డ్ ఇంజన్ల తయారీదారుల్లో ఎక్కువమంది మాన్యువల్‌లో ఒప్పుకునేది 10 శాతం దాకానే. అమెరికాలోనైతే 15 శాతం కలిసిన పెట్రోలును పడవల్లో పోయడానికే వీల్లేదు.

ఇథనాల్ రబ్బరును ఏం చేస్తుంది? మామూలు పెట్రోలు పైపులో ఉండేది నైట్రైల్ రబ్బరు. బ్యూటాడైయీన్, అక్రిలోనైట్రైల్ అనే రెండు పదార్థాల అణువులు కలిసి గొలుసుగా ఏర్పడితే వచ్చే రబ్బరు ఇది. ఇందులో అక్రిలోనైట్రైల్ భాగానికి విద్యుత్ ధ్రువాలు ఉంటాయి, అంటే ఒక కొస కాస్త ప్లస్, మరో కొస కాస్త మైనస్. పెట్రోలు అణువులకు అవి దాదాపు ఉండవు. అందుకే పెట్రోలు ఈ రబ్బరులోకి అంత తేలిగ్గా చొరబడదు. ఇథనాల్‌కు ధ్రువాలున్నాయి, అణువు కూడా చిన్నది, కాబట్టి లోపలికి దూరగలదు. ఆశ్చర్యం ఏమిటంటే, నైట్రైల్‌ను వట్టి పెట్రోలులో నానబెట్టినప్పటికన్నా, వట్టి ఇథనాల్‌లో నానబెట్టినప్పటికన్నా, రెండూ కలిసిన ద్రవంలో ఎక్కువ ఉబ్బుతుంది. వట్టి ఇథనాల్‌లో అణువులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. పెట్రోలులో కొద్దిగా కలిపితే ఆ పట్టు సడలి, రబ్బరులోకి దూరడానికి వాటికి వీలు చిక్కుతుంది. గొలుసులో ఒక భాగం పెట్రోలుకు, మరో భాగం ఇథనాల్‌కు చోటిస్తే రబ్బరు నానిన శనగలా ఉబ్బుతుంది. పది, ఇరవై శాతం ఇథనాల్‌తో ఏమవుతుందిలే అనుకోకూడదు. ఆ పాళ్లలోనే బాధ ఎక్కువ.

అసలు నష్టం ఉబ్బు తగ్గాక బయటపడుతుంది. రబ్బరు మెత్తగా ఉండడానికి అందులో కలిపిన ప్లాస్టిసైజర్లను ఇంధనం కడిగేస్తుంది. పడవను మూలన పెట్టినప్పుడు పైపు ఎండుతుంది, మెత్తదనం పోయి కుంచించుకుపోతుంది, వంపుల దగ్గర పగుళ్లు వస్తాయి. ఏళ్ల తరబడి రోజూ తిరిగే బండి కన్నా అప్పుడప్పుడు దిగే పడవకు ఈ తడి, పొడి మార్పు ఎక్కువ చేటు చేస్తుంది. షాపుల్లో మీటరు లెక్కన అమ్మే పారదర్శక పీవీసీ ట్యూబు ఇంకా ముందే పసుపెక్కి కట్టెలా బిగుసుకుపోతుంది. దాన్ని పడవకు అసలు వాడొద్దు.

ఔట్‌బోర్డ్‌లో ఇంకో చిక్కుంది. ఇంజనులోని పంపు పెట్రోలును పీల్చుకుంటుంది. అంటే పైపులో ఒత్తిడి బయటి గాలి కన్నా తక్కువ. చిన్న పగులు పడితే పెట్రోలు బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. కంటికి తడి కనపడదు, ఇంజను మాత్రం వేగం పెంచగానే తడబడుతుంది. లోపలి పొర ఊడి ముడుచుకుంటే దారే మూసుకుపోతుంది. పెట్రోలులోనే ఆయిల్ కలిపే టూ-స్ట్రోక్ ఇంజనుకు ఇంధనం తగ్గితే ఆయిల్ కూడా తగ్గినట్టే. పిస్టన్ పట్టేసే ప్రమాదం ఉంది.

మంచి పైపును గుర్తుపట్టాలంటే దాని మీది అక్షరాలు చదవాలి. అమెరికా కోస్ట్ గార్డ్ నిబంధన ప్రకారం పైపు రకం, తయారీదారు పేరు, తయారైన ఏడాది కనీసం 12 అంగుళాలకొకసారి ముద్రించి ఉండాలి. ‘ఎ’ అంటే రెండున్నర నిమిషాలు మంటను తట్టుకున్నది, ‘బి’కి ఆ పరీక్ష లేదు. ‘1’ అంటే ఎప్పుడూ ఇంధనం నిలిచి ఉండే చోటికి, ‘2’ అంటే ఇంధనం నిలిచి ఉండని, ట్యాంకు గాలి గొట్టాల వంటి వాటికి. చివర ‘15’ ఉంటే, 23 డిగ్రీల వద్ద చదరపు మీటరు లోపలి గోడ గుండా రోజుకు 15 గ్రాములకు మించి ఇంధనం ఆవిరవదని అర్థం. పాత ‘1’ రకానికి ఆ హద్దు 100 గ్రాములు. తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల లోవ్యాసం, మూడు మీటర్ల పొడవున్న పైపు నిండా ఉంటే పాత హద్దులో రోజుకు దాదాపు 9 గ్రాములు, కొత్తదానిలో గ్రామున్నర లోపు. ఎండాకాలంలో ఈ లెక్క బాగా పెరుగుతుంది. మూత వేసిన చోట అలా చేరే ఆవిరి నిప్పుకు సిద్ధంగా ఉన్నట్టే.

తెరిచి ఉన్న చిన్న పడవలో, విడిగా పెట్టే ట్యాంకుకు ‘బి1-15’ చాలు. డెక్ కింద నుంచి పోయే పైపు ఐతే ‘ఎ1-15’ తీసుకోవాలి. కానీ ఆ 15 గ్రాముల పరీక్ష చేసేది 10 శాతం ఇథనాల్ ఇంధనంతో. మన బంకులో దానికి రెట్టింపు ఉంది. కాబట్టి ముద్ర ఒక్కటే చూసి ఊరుకోకుండా, లోపలి పొర ఫ్లోరో రబ్బరుదా (ఫ్లోరిన్ ఉన్న రబ్బరు), ఫ్లోరోపాలిమర్‌దా (ఫ్లోరిన్ ఉన్న ప్లాస్టిక్), ఈ20కి సరిపోతుందని తయారీదారు రాసిచ్చాడా అని అడగండి. ఫ్లోరిన్, కార్బన్ బంధం చాలా బలమైనది. పెట్రోలు, ఇథనాల్ రెండింటినీ ఈ పొర నైట్రైల్ కన్నా ఎంతో బాగా ఆపుతుంది. ధర ఎక్కువే, ఐనా పెట్టదగ్గ ఖర్చే.

ఇలాంటి పైపులు కాస్త బిరుసుగా ఉంటాయి, బలవంతంగా వంచితే లోపలి పొర చిట్లుతుంది. లోవ్యాసం మాన్యువల్‌లో చెప్పినంతే ఉండాలి. పైపు ఒక్కటే మార్చి పాత ప్రైమర్ బల్బును (ఇంజను స్టార్ట్ చేసే ముందు పెట్రోలును పైకి పంపడానికి చేత్తో పిసికే రబ్బరు బుడగ), కనెక్టర్లలోని ఓ-రింగులను (కారకుండా ఆపే రబ్బరు రింగులు) వదిలేస్తే లాభం లేదు, అవీ రబ్బరువే. బిగించాక బల్బు పిసికి చూడండి. గట్టిపడకపోతే ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా బల్బులోని వాల్వు పాడైంది. ఇంజను నడుస్తుండగా బల్బు చదునుగా అతుక్కుపోతే అడ్డు ట్యాంకు వైపు ఉంది. వాడుతున్న పైపును శుభ్రమైన గుడ్డతో తుడిచి వాసన చూడండి. పెట్రోలు వాసన వస్తే, పైకి ఎంత కొత్తగా కనపడినా తీసేయాలి.