మూతపడిన డిస్టిలరీ విస్కీ: కరుయిజావా చుట్టూ అల్లుకున్న అపోహలు

ఉద్యోగానికి టోక్యో వచ్చిన కొత్తలో, ఎనిమిది మంది పట్టే ఓ చిన్న బార్‌లో కరుయిజావా అనే జపాన్ విస్కీని మొదటిసారి రుచి చూశాను. ఎండు ఖర్జూరం, పాత చెక్కపెట్టె కలిసిన వాసన. అప్పటినుంచి ఆ సీసాల వెంటే తిరుగుతున్నాను. హైదరాబాద్ నుంచి స్నేహితులు ఫోన్ చేసినప్పుడల్లా ఈ కింది ప్రశ్నలు, నమ్మకాలే వినిపిస్తుంటాయి కాబట్టి, ఒకచోట రాసిపెడుతున్నాను.

"సరుకు బాగుంటే ఎందుకు మూసేస్తారు?"

సరుకు తప్పేం లేదు. నాగానో ప్రాంతంలో, అసామా అగ్నిపర్వతం దిగువన మియోతాలో 1955లో మొదలైందీ డిస్టిలరీ, అంటే విస్కీ కాచే కర్మాగారం. గోల్డెన్ ప్రామిస్ రకం బార్లీని బ్రిటన్ నుంచి తెప్పించి, స్టిల్స్ అనే చిన్న రాగి పాత్రల్లో కాచి, ఎక్కువగా షెర్రీ వైన్ పోసిన చెక్క పీపాల్లో నిలవ చేసేవారు. అందులో చాలా భాగం 'ఓషన్' అనే బ్లెండెడ్ (రకరకాల విస్కీలు కలిపి చేసే) విస్కీలో కలిసిపోయేది. జపాన్‌లో విస్కీ గిరాకీ 1983 తర్వాత పడిపోతూ వచ్చింది, పాతికేళ్లు కోలుకోలేదు. 2000లో విస్కీ కాయడం ఆగింది. 2016లో కట్టడాలే కూల్చేశారు.

"ఇంట్లో దాచినకొద్దీ వయసు పెరుగుతుంది."

పెరగదు. విస్కీకి వయసొచ్చేది పీపాలోనే, సీసాలో పోయగానే ఆగిపోతుంది. 1981లో కాచినదాన్ని 2011లో సీసాలో పోశారంటే దాని వయసు 30. ఈరోజుకీ 30, మీ మనవడు తెరిచినా 30. ఇది తెలియక లేబుల్ మీద ఏడాది చూసి లెక్కలు వేసుకుని, ఎక్కువ డబ్బు పోసినవాళ్లు నాకు తెలుసు.

"వైన్‌లా పడుకోబెట్టి ఉంచాలి."

నేను చేసిన తప్పే ఇది. రెండేళ్లు అలమరలో అడ్డంగా పెట్టాను. బిరడా మెత్తబడిపోయి, తీయబోతే ముక్కలై లోపల పడింది. టీ వడగట్టే జల్లెడతో ఒక్కో ముక్కా ఏరుకున్నాను. విస్కీలో ఆల్కహాల్ ఎక్కువ, బిరడాను తినేస్తుంది. సీసా నిలబెట్టే ఉంచాలి, ఎండ తగలకూడదు.

"పెట్టె, నంబరు ఉన్నాయి కాబట్టి అసలుదే."

దీని దగ్గర కాసేపు ఆగండి. ఖాళీ సీసాలకు, ఖాళీ పెట్టెలకు కూడా మంచి ధర పలుకుతోందంటే, వాటిని మళ్లీ ఎవరో నింపుతున్నారనే కదా అర్థం? నేను ముందు పీపా నంబరు చూస్తాను. ఒక పీపా నుంచి ఎన్ని సీసాలు వచ్చాయో లెక్క ఉంటుంది. 1960లో కాచి 52 ఏళ్లు ఉంచిన 5627 నంబరు పీపా నుంచి వచ్చినవి 41 సీసాలే, అంటే 29 లీటర్లు కూడా లేదు. మిగతాదంతా ఆవిరైపోయింది. ఒక్కో సీసాకు ఒక్కో రకం నెత్సుకే (జపాన్‌లో చెక్కే చిన్న అలంకార బొమ్మ) కట్టారు. ఆ సీసాల్లో ఒకటి 2020లో లండన్ వేలంలో 3,63,000 పౌండ్లకు అమ్ముడుపోయింది.

ఆ తర్వాత టార్చి వెనకపెట్టి రంగు చూస్తాను. సీసా మెడ దగ్గర విస్కీ మట్టం చూస్తాను, అదే పీపా సీసాల పాత వేలం ఫొటోలతో పోల్చుకుంటాను. మూత మీది తొడుగు ముడతలు పడిందా, లేబుల్ అంచు లేచిందా? చివరికి అమ్మే మనిషిని ఒకటే అడుగుతాను: ఇది మీకు ఎవరి దగ్గర్నుంచి వచ్చింది, కాగితం ఉందా? జవాబు తడబడితే లేచి వచ్చేస్తాను, ఎంత చవకైనా సరే.

"మూతపడిన డిస్టిలరీదంటే రుచి అద్భుతమే."

హన్యూ అనే మరో జపాన్ డిస్టిలరీని చూడండి. అది కూడా 2000లోనే విస్కీ కాయడం ఆపేసింది. దాని యజమాని కుటుంబానికి చెందిన ఇచిరో అకుతో దాదాపు 400 పీపాలు కాపాడి, పేకముక్కల బొమ్మలతో 54 రకాల సీసాలు తెచ్చారు. పీపా మారితే రుచీ మారుతుంది. కొన్ని మరపురానివి, కొన్నిటిలో చెక్క చేదు తప్ప ఇంకేం తెలియదు. ధరలు మాత్రం అన్నిటికీ ఆకాశంలోనే.

"కరుయిజావా మళ్లీ వస్తోందట."

ఆ పాత యంత్రాలను 2015లో వేలంలో, తర్వాత షిజుఓకా డిస్టిలరీ కట్టిన సంస్థ కొనుక్కుంది. అందులో ఒక స్టిల్‌కు 'కె' అని పేరు పెట్టి మళ్లీ విస్కీ కాయడం మొదలుపెట్టారు. కానీ నీళ్లు వేరు, గాలి వేరు, చేసే చేతులూ వేరు. అది షిజుఓకా విస్కీ, బాగుంటుంది కూడా. నా అలమరలో దాన్నీ, పాత కరుయిజావానూ పక్కపక్కనే పెట్టాను. రెండూ తెరిచినవే.