సార్ ఒక్కరే కోచ్ కాదండీ: అమ్మాయిల బాస్కెట్‌బాల్ బెంచ్ మీద అపోహలు, వాస్తవాలు

మొన్న ఇంటర్ కాలేజ్ మ్యాచ్ అయ్యాక ఒక పెద్దాయన, ఎవరో అమ్మాయి తాతగారు కాబోలు, నా దగ్గరికొచ్చి "నువ్వేం జేస్తవమ్మా బెంచ్ మీద? సార్ ఉన్నడు గదా" అన్నారు. అప్పుడు నా భుజాన బంతుల సంచి ఉంది. ఏం చెప్పినా నమ్మే పరిస్థితి లేదు.

నేను హైదరాబాద్‌లో ఒక అమ్మాయిల కాలేజీ టీముకి అసిస్టెంట్ కోచ్‌ని. పిల్లలు హెడ్ కోచ్‌ని సార్ అంటారు, ఫిజికల్ డైరెక్టర్‌ని పీడీ మేడమ్ అంటారు, నన్ను అక్కా అంటారు. స్టాఫ్ అంటే ఈ ముగ్గురమే. ఆ పెద్దాయనకి అక్కడ చెప్పలేకపోయినవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: అసిస్టెంట్ అంటే బంతులు, బాటిళ్లు మోసే మనిషి.

మోస్తాను, కాదనను. కానీ మ్యాచ్ నడుస్తున్నప్పుడు నా అసలు పని ఒళ్లో ఉన్న నోట్‌బుక్. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫీబా రూల్ ప్రకారం హెడ్ కోచ్, ఫస్ట్ అసిస్టెంట్ ఇద్దరిలో ఒక్కరే నిలబడాలి. సార్ నిలబడి అరుస్తుంటారు, నేను కూర్చుని లెక్క రాస్తుంటాను: ఎవరికి ఎన్ని ఫౌల్స్, అవతలి టీముకి ఈ క్వార్టర్‌లో ఎన్ని, బంతి తెచ్చి ఆట నడిపించే వాళ్ల పాయింట్ గార్డ్ ఎడమ చేత్తో డ్రిబుల్ చేస్తోందా లేదా.

ఈ సీజన్‌లో ఒక మ్యాచ్‌లో మూడో క్వార్టర్‌కి ఆరు పాయింట్లు వెనకబడ్డాం. సార్ టైమౌట్ అడిగారు. మొదటి సగంలో రెండు, రెండో సగంలో మూడు, మొత్తం ఐదే ఇస్తారు. ఒక్కోటి నిమిషం. అదీ యాభయ్యో సెకనుకే టేబుల్ మీద బజర్ మోగుతుంది. పిల్లలు నీళ్లు తాగే మొదటి పదిహేను సెకన్లు మా ఇద్దరివి. నోట్‌బుక్ చూపించి "సార్, వాళ్లకి టీమ్ ఫౌల్స్ నాలుగైనయ్, ఇంకా ఆరు నిమిషాలుంది" అన్నాను. అంటే ఇక మీదట వాళ్లు డిఫెన్స్‌లో ఎక్కడ ఫౌల్ చేసినా, షాట్ వేస్తుండగా కాకపోయినా, మాకు రెండు ఫ్రీ త్రోలు, అంటే ఎవరూ అడ్డుపడకుండా లైన్ మీద నిలబడి వేసే షాట్లు. లోపలికి దూసుకెళ్తే ఫౌల్ పడే అవకాశం ఎక్కువ. సార్ పిల్లల వైపు తిరిగి ఒకే మాట చెప్పారు: "బయట్నుంచి షాట్లు బంద్. బంతి పట్టుకుని లోపలికి పోండి." ఆ క్వార్టర్ అయ్యేసరికి సమానం చేశాం. చప్పట్లు సార్‌కి పడ్డాయి. పడనివ్వండి, ఆ ఒక్క మాట చెప్పాలని తేల్చుకున్నది ఆయనే. నేనైతే నాలుగు చెప్పి గందరగోళం చేసేదాన్ని.

అపోహ: పొడుగు అమ్మాయిలను పోగేస్తే చాలు, కోచింగ్ ఏముంది?

పొడుగమ్మాయికి బంతి అందించే పొట్టి అమ్మాయి ఎవరు మరి?

అపోహ: అబ్బాయిల ఆటే కదా, అదే ప్రాక్టీస్ కాస్త తగ్గించి చేయిస్తే సరి.

దీని మీద నాకు నిజంగా కోపం. రింగు ఎత్తు ఇద్దరికీ ఒకటే, 3.05 మీటర్లు. అమ్మాయిల బంతి ఆరో సైజు, అబ్బాయిలది ఏడు. తేడా అంతటితో అయిపోతే బాగుండేది. అసలు తేడా మోకాలి దగ్గరుంది. మోకాలి లోపలుండే ఏసీఎల్ లిగమెంట్ తెగే ముప్పు అబ్బాయిల కంటే అమ్మాయిలకు రెండు నుంచి ఎనిమిది రెట్లు ఎక్కువని పరిశోధనలు లెక్కగట్టాయి. ఎక్కువసార్లు ఎవరూ తగలకుండానే తెగుతుంది. రింగుకి తగిలి తిరిగొచ్చే బంతి (రీబౌండ్) కోసం ఎగిరి దిగేటప్పుడు మోకాలు లోపలికి వంగుతుంది, అంతే. ఆపరేషన్ అయ్యాక తిరిగి ఆడటానికి కనీసం తొమ్మిది నెలలు. డిగ్రీ మూడేళ్లలో ఒక సీజన్ పోయినట్టే.

మాది సిమెంట్ కోర్టు. అందుకే పొద్దున ఆరింటికి బంతి ముట్టకముందే పావుగంట దిగడం నేర్పిస్తాను. మోకాలెత్తు కూడా లేని బెంచీ మీద నుంచి దూకాలి, రెండు కాళ్ల మీద దిగాలి, మోకాళ్లు పాదాల మీదుగా ఉండాలి. నేను వాళ్ల వైపు వీపు పెట్టి నిలబడతాను. చూడను, వింటాను. బూట్లు 'టప్' మన్నాయంటే బిగుసుకుని దిగినట్టు, మళ్లీ ఎక్కాల్సిందే. చప్పుడు లేకుండా దిగితే తుంటి, మోకాలు, చీలమండ మూడూ వంగినట్టు. మొదటి వారం "అక్కా, పిల్లిలెక్క దూకమంటవేంది" అని నవ్వుతారు. రెండో నెలకి ఒకరి చప్పుడు ఒకరు పట్టుకుని వెక్కిరించుకుంటారు. నాక్కావలసింది అదే.

అపోహ: మూడో క్వార్టర్‌కే ఆయాసపడుతోందంటే ఒళ్లు వంచడం లేదు, ఇంకో పది రౌండ్లు కొట్టించాలి.

నేనూ కొట్టించాను, ఒకమ్మాయితో, రెండు వారాలు. ఒకరోజు ఆమె కంటి కింది రెప్ప లాగి చూస్తే తెల్లగా ఉంది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.6. ఆడవాళ్లకు 12 కంటే తగ్గితేనే రక్తహీనత అంటారు. ఆ రౌండ్లు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. మా పన్నెండు మందీ ఆ నూటికి బయటివాళ్లేం కాదు కదా.

అప్పట్నుంచి సీజన్ మొదట్లోనే అందరికీ రక్త పరీక్ష, పీడీ మేడమ్ చూసుకుంటారు. పీరియడ్స్ తేదీలు ఎవరికి ఇష్టమైతే వాళ్లు నాకు చెబుతారు, బలవంతం లేదు. నెలల తరబడి రాకపోతే మాత్రం దాచొద్దని చెప్పాను. ఆటకి సరిపడా తిండి పడటం లేదనడానికి అదొక గుర్తు, వెంటనే డాక్టర్ దగ్గరికి పంపిస్తాం. ప్రాక్టీస్ అయ్యాక డబ్బాలో పల్లీలు, ఉడకబెట్టిన గుడ్డు, అరటిపండు ఉండాల్సిందే. ఇక ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ మాన్పించడం నా వల్ల కాలేదు. ఐరన్ మాత్రకీ చాయ్‌కీ మధ్య గంటైనా ఎడం పెట్టమన్నాను. చాయ్ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. ఆ మాత్రం వింటున్నారు.

అపోహ: టీములో లేడీ స్టాఫ్ ఉండేది ప్రయాణాల్లో కాపలాకే.

తల్లులు గేటు దగ్గర "మీరు పోతున్నరు గదా మేడమ్, అయితే పంపిస్త" అంటారు. ఆ మాటకి విలువుంది, తీసిపారేయను. కానీ అక్కడితో ఆగిపోతేనే చిక్కు. అమెరికాలో 1972కి ముందు కాలేజీ అమ్మాయిల టీములకు నూటికి తొంభైకి పైగా ఆడ కోచ్‌లే ఉండేవారు. చదువుల్లో, కాలేజీ ఆటల్లో ఆడ, మగ తేడా చూపొద్దనే టైటిల్ నైన్ చట్టం ఆ ఏడాది వచ్చాక డబ్బులొచ్చాయి, జీతాలు పెరిగాయి, మగవాళ్లొచ్చారు. ఇప్పుడు ఆడవాళ్లు సగం కూడా లేరు. అక్కడి బాస్కెట్‌బాల్ కోచ్ ప్యాట్ సమిట్ 1974లో టెనెసీ యూనివర్సిటీ అమ్మాయిల టీముని చేపట్టిన కొత్తలో వ్యాన్ తనే నడిపారు, యూనిఫాంలు తనే ఉతికారు. 2012లో దిగిపోయేసరికి 1,098 గెలుపులు, ఎనిమిది జాతీయ టైటిళ్లు. బంతుల సంచి మోస్తున్నప్పుడు నేను ఆ వ్యాన్‌ని తలచుకుంటాను.

అలాగని సార్‌లు పనికిరారని కాదు. మా సార్ పిల్లలతో మాట్లాడాలంటే అందరికీ కనపడేలా కోర్టు మధ్యలోనే మాట్లాడతారు, భుజం తట్టడం కూడా ఉండదు. ఆ పద్ధతి ఆయన పెట్టుకున్నదే.

అపోహ: పీడీ మేడమ్‌ది ఆఫీసు పని, కోచింగ్ కాదు.

యూనివర్సిటీ పోటీలకు వయసు 17 నిండాలి, 25 దాటకూడదు. టెన్త్ మెమో, బోనఫైడ్, ఎలిజిబిలిటీ ఫారం మీద ప్రిన్సిపాల్ సంతకం, అన్నీ కుదరాలి. ఒకసారి మేడమ్ సెలవులో ఉంటే ఫారాలు నేను చూశాను. రెండు ఫొటోల మీద అటెస్టేషన్ మర్చిపోయాను. ఆ ఇద్దరూ ట్రాక్‌సూట్లలో గ్యాలరీలో కూర్చుని మ్యాచ్ చూశారు. నెలల తరబడి నేర్పిన ఆట ఒక స్టాంపు దగ్గర ఆగిపోయింది.

అపోహ: బాగా ఆడినవాళ్లెవరైనా కోచింగ్ ఇచ్చేయొచ్చు.

పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఎన్‌ఐఎస్‌లో కోచింగ్ డిప్లొమా ఏడాది పాటు చదివిస్తారు, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సూ ఉంది. ఊరికే పెట్టలేదు. నేను ఆడే రోజుల్లో షూటర్‌ని. నిద్రలో లేపినా ఫ్రీ త్రో పడేది. కోచ్‌గా మొదటి వారం ఒక ఫస్టియర్ పిల్ల వచ్చి "అక్కా, షాట్ వేసేటప్పుడు మోచెయ్యి ఎక్కడ పెట్టాలె?" అని అడిగింది. నాకు తెలియలేదు. ఆమె చేతిలో బంతి తీసుకుని లైన్ మీద నిలబడి నేనే వేసి, నా మోచెయ్యి ఎక్కడుందో చూసుకుని, అప్పుడు చెప్పాను.