కోపం తెచ్చిన చట్టాలు, ఆలస్యమైన ఆసరా

1978 మార్చి చివర్లో హైదరాబాద్‌లో ఒక రాత్రి, రెండో ఆట సినిమా చూసి భర్తతో ఇంటికి వెళ్తున్న ఒక పేద ముస్లిం మహిళను పోలీసులు పట్టుకుని నల్లకుంట స్టేషన్‌కు తీసుకెళ్లారు. ఆమెపై అక్కడ పోలీసులే అత్యాచారం చేశారు. రిక్షా తొక్కి బతికే భర్తను చావగొట్టారు, ఆ దెబ్బలకే అతను ప్రాణం విడిచాడు. జనం అతని శవాన్ని మోసుకుని స్టేషన్ ముందుకు వచ్చారు. ఆందోళన నగరమంతా పాకింది, కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు. ప్రభుత్వం హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ముక్తదర్‌తో విచారణ కమిషన్ వేసింది.

ఆ కమిషన్ ముందు పోలీసుల తరఫున వినిపించిన ప్రధాన వాదన ఆమె మంచిది కాదన్నదే. ఆమె వ్యభిచారి అన్నారు, ఆమె పెళ్లి పెళ్లే కాదన్నారు. కమిషన్ ఆ వాదనను పక్కన పెట్టి పోలీసులే దోషులని తేల్చింది. అయితే కమిషన్ నివేదికతో శిక్ష పడదు. కేసును కర్ణాటకలోని రాయచూరు కోర్టుకు మార్చారు. 1981లో నిందితులు నిర్దోషులుగా బయటికి వచ్చారు.

ఆ కేసును దేశమంతా ఆమె పేరుతోనే పిలిచింది. బాధితురాలి పేరు బయటపెట్టడం నేరమని చెప్పే చట్టం అప్పటికి లేదు, అది రావడానికి ఇంకో అయిదేళ్లు పట్టింది. ఎన్నో పుస్తకాల్లో ఉన్నా ఆమె పేరును ఇక్కడ రాయడం లేదు. ఆమెకు అప్పుడు దక్కని ఆ కాస్త గౌరవం ఇప్పుడైనా దక్కాలి.

మహిళలపై హింస మీద మన దేశంలో వచ్చిన చట్టాల చరిత్రను చాలామంది 2012 డిసెంబరు నాటి ఢిల్లీ ఘటన నుంచి మొదలుపెడతారు. దాని వేళ్లు డెబ్భయ్యవ దశకపు పోలీసు స్టేషన్లలో ఉన్నాయి. మహారాష్ట్రలోని దేశాయిగంజ్ స్టేషన్‌లో 1972లో ఒక ఆదివాసీ బాలికపై ఇద్దరు పోలీసులు చేసిన అఘాయిత్యం కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒంటిపై గాయాలు లేవు, కేకలు వేయలేదు, కాబట్టి ఆమె సమ్మతి ఉన్నట్టేనని భావించి కోర్టు 1978లో వారిని విడిచిపెట్టింది. రాత్రిపూట స్టేషన్ లోపల, ఖాకీ బట్టల ముందు ఒక పేద పిల్ల మౌనాన్ని సమ్మతిగా చదివిన తీర్పు అది. 1979 సెప్టెంబరులో ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. ఆ లేఖ ఊరూరా మహిళా సంఘాలను కదిలించింది. హైదరాబాద్‌లో స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం పుట్టింది కూడా ఆ రోజుల్లోనే.

1983లో చట్టం మారింది. పోలీసు, జైలు, ఆసుపత్రి వంటి చోట్ల అధికారంలో ఉన్నవాడు అత్యాచారం చేసినప్పుడు, తనకు సమ్మతి లేదని బాధితురాలు చెబితే కోర్టు ఆ మాటనే నమ్మి విచారణ మొదలుపెట్టాలి. కాదని రుజువు చేసుకోవలసిన భారం నిందితుడిది. అత్యాచార కేసులను మూసిన తలుపుల వెనుక విచారించాలి, బాధితురాలి పేరు బయటికి రాకూడదు. నల్లకుంటలో ఏయే దారుల్లో అన్యాయం జరిగిందో ఆ దారులనే ఈ సవరణలు మూయాలని చూశాయి. శిక్షల విషయంలో ఇది పెద్ద అడుగు. కానీ ఆమెకు వైద్యం ఎవరు చేయిస్తారు, తలదాచుకోవడానికి చోటు ఎవరిస్తారు, కోర్టుకు ఎవరు తీసుకెళ్తారు అన్న ప్రశ్నలకు అందులో జవాబు లేదు.

ఇంటి లోపలి హింస మీదా అదే ఏడాది చట్టం కళ్లు తెరిచింది. భర్త, అత్తింటివారి క్రూరత్వాన్ని నేరం చేసిన 498ఏ సెక్షన్ 1983 నాటిదే. వరకట్న మరణాలపై 304బీ సెక్షన్ 1986లో వచ్చింది. కట్నాన్ని నిషేధించే చట్టం కేంద్రం 1961లో తెస్తే ఆంధ్రప్రదేశ్ అంతకు మూడేళ్ల ముందే, 1958లో, తెచ్చుకుంది. ముందుగా చట్టం చేసుకున్న గడ్డ మీదే కట్నం రేట్లు ఎలా పెరుగుతూ వచ్చాయో తెలుగువారికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇళ్లలో కొట్టించుకుంటున్న ఆడవాళ్లు తమ సమస్యకు కారణమేమిటో తామే చెప్పి, దానిమీద ప్రభుత్వ విధానాన్నే మార్చిన సందర్భం మన దగ్గర ఒకటుంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన మహిళలు సారా దుకాణాన్ని మూయించారు. 1992లో ఆ ఉద్యమం జిల్లాలు దాటింది. కూలి డబ్బులన్నీ సారాకు పోతున్నాయి, రాత్రి మాకు దెబ్బలు మిగులుతున్నాయి అన్నదే వాళ్ల వాదన. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండేళ్లు తిరిగేసరికి ప్రభుత్వం నిషేధాన్ని సడలించి మద్యం ఆదాయం వైపు మళ్లింది. గృహహింసను ఇంటి గుట్టుగా కాక ఊరి సమస్యగా నిలబెట్టిన ఆ మహిళలకు ఈ చరిత్రలో దక్కవలసిన చోటు ఇంకా దక్కలేదని నా నమ్మకం.

బాధితురాలికి ఏం కావాలి అని మొదటిసారి సూటిగా అడిగిన చట్టం 2005 నాటి గృహహింస నిరోధక చట్టం. 2006 అక్టోబరు 26 నుంచి అది అమల్లో ఉంది. భర్తను జైలుకు పంపడం దాని ప్రధాన ఉద్దేశం కాదు. కొట్టకుండా రక్షణ ఉత్తర్వు, ఇంట్లోంచి గెంటేయకుండా నివాస హక్కు, ఖర్చులకు డబ్బు, పిల్లల సంరక్షణ అన్నీ ఒకే మేజిస్ట్రేట్ ముందు అడగవచ్చు. దరఖాస్తును అరవై రోజుల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టమే చెప్పింది. అయితే అమల్లోకి వచ్చిన రెండు నెలల లోపే సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు ఆ నివాస హక్కును కుదించింది. ఇల్లు అత్తమామల పేరున ఉంటే కోడలికి అందులో ఉండే హక్కు లేదంది. మన కుటుంబాల్లో ఇల్లు ఎవరి పేరున ఉంటుందో తెలిసినవారికి ఆ మాట ఎంతమందిని వీధిలో నిలబెట్టిందో అర్థమవుతుంది. ఆ తీర్పు తప్పని అదే కోర్టు చెప్పేసరికి 2020 వచ్చింది.

2012 డిసెంబరు 16 నాటి ఢిల్లీ ఘటన తర్వాత, చట్టాల్లో మార్పులు సూచించడానికి వేసిన జస్టిస్ వర్మ కమిటీ 29 రోజుల్లో నివేదిక ఇచ్చింది. 2013 సవరణల్లో శిక్షల పెంపు గురించి అందరికీ తెలుసు. అంతగా చర్చకు రానివి రెండు. బాధితురాలికి ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నీ ఉచితంగా వెంటనే వైద్యం చేయాలి. ఇలాంటి ఫిర్యాదు నమోదు చేయని పోలీసు అధికారికి జైలు శిక్ష పడుతుంది. యాసిడ్ దాడికి ప్రత్యేక సెక్షన్ కూడా అప్పుడే వచ్చింది. 2008లో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినులపై యాసిడ్ పోసిన నాటికి అలాంటి సెక్షన్ లేదు. ఆ కేసులో నిందితులు ముగ్గురూ పోలీసుల ఎన్‌కౌంటర్లో చనిపోవడంతో అసలు విచారణే జరగలేదు. మహిళల భద్రత కోసం ఏర్పాటు చేసిన నిర్భయ నిధికి 2013 బడ్జెట్లో వెయ్యి కోట్లు పెట్టారు. తొలి ఏళ్లలో అందులో చాలా భాగం ఖర్చే కాలేదు.

ఆసరా వైపు అడుగులు ఆ తర్వాతే పడ్డాయి. వైద్యం, పోలీసు, న్యాయ సహాయం, కొద్ది రోజుల వసతి ఒకే చోట ఇచ్చే సఖి కేంద్రాల పథకం 2015లో మొదలైంది. తెలంగాణలో 2014లో వేధింపులను అడ్డుకునే పోలీసు బృందాలైన షీ టీములు, 2016లో హైదరాబాద్‌లో భరోసా కేంద్రం వచ్చాయి. జరిగిందంతా నాలుగు చోట్ల నాలుగుసార్లు చెప్పుకోనక్కర్లేకుండా, ఒకే కప్పు కింద వాంగ్మూలం, వైద్యం, సలహా అందించాలన్నది భరోసా ఆలోచన. నల్లకుంట మహిళకు ఆ రాత్రి కావలసింది అదే.

2019 నవంబరులో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలిపై దారుణం జరిగిన రాత్రి, ఇది మా పరిధి కాదంటూ పోలీసులు తమను తిప్పారని కుటుంబం చెప్పింది. ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. పది రోజులు కాకముందే నలుగురు నిందితులూ ఎన్‌కౌంటర్లో చనిపోయారు. అక్కడికి వచ్చిన పోలీసులపై జనం పూలు చల్లారు. 1978లో పోలీసులను నిలదీసిన నగరం ఇదే. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ తర్వాత తేల్చింది. ఎన్‌కౌంటర్ జరిగిన వారానికే, 2019 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఇరవై ఒక్క రోజుల్లో తీర్పు వచ్చేలా దిశ బిల్లు ఆమోదించింది. దానికి రాష్ట్రపతి ఆమోదం దొరకలేదు. ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలన్న జీరో ఎఫ్‌ఐఆర్ నియమం మాత్రం 2024 జూలై 1 నుంచి కొత్త నేర ప్రక్రియ చట్టంలో స్పష్టంగా చేరింది. భార్యపై భర్త చేసే బలాత్కారాన్ని నేరంగా చూడని మినహాయింపు కూడా పాత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన కొత్త న్యాయ సంహితలో అలాగే కొనసాగింది.

అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం హింసకు గురైన మహిళల్లో సహాయం కోసం ఎవరినైనా ఆశ్రయించినవారు నూటికి 14 మందే. గృహహింస చట్టం కింద ఆమె మొదట కలవవలసిన మనిషి రక్షణ అధికారి. ఆమె తరఫున దరఖాస్తు రాయించేది, ఆసుపత్రికి, వసతి గృహానికి, ఉచిత న్యాయ సహాయానికి దారి చూపేది ఆ అధికారే. జిల్లాల్లో, తాలూకాల్లో మహిళా శిశు సంక్షేమ శాఖ అధికారులను గుర్తించి ఆరు వారాల్లో రక్షణ అధికారులుగా నియమించండని సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది 2025 మే నెలలో. అప్పటికి ఆ చట్టం అమల్లోకి వచ్చి పద్దెనిమిదిన్నరేళ్లు.