గోదారికి ఊపిరాడాలంటే

చిరంజీవులైన పిల్లలకు అమ్మమ్మ దీవించి రాస్తున్న ఉత్తరం.

"నీళ్లు తేటగానే ఉన్నాయిగా, గోదారి పాడైపోతోందంటారేంటి అమ్మమ్మా?" అని మొన్న ఫోన్లో అడిగారు. మంచి ప్రశ్న. ఫోన్లో తెమలదని ఇలా రాస్తున్నాను.

చేపలు బతికేది నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌తో. అది కంటికి కనపడదు. గాలి తగిలినా, నీరు పారినా, నాచూ నీటిమొక్కలూ పగటి ఎండలో ఆహారం తయారుచేసుకున్నా నీళ్లలోకి చేరుతుంది. మురుగో, కుళ్లిన చెత్తో పడితే సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి. మంచి పనే, కానీ తినేటప్పుడు ఆ ఆక్సిజన్‌నే వాడేస్తాయి. స్నానాలు చేసే నదిలో లీటరు నీటికి కనీసం 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం పెట్టింది. చిటికెడు ఉప్పు కన్నా ఎంతో తక్కువ! అంత కొంచెం మీద ఆధారపడ్డ బతుకులవి.

మన కోనసీమలో చేపల చెరువుల రైతులకి ఈ సంగతి బాగా తెలుసు. రాత్రిపూట మొక్కలు ఆక్సిజన్ ఇవ్వవు, పైగా పీల్చుకుంటాయి. అందుకే తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. రైతులు రాత్రంతా ఏరేటర్లు, అంటే నీళ్లని చిలికి గాలి కలిపే యంత్రాలు, తిప్పేది అందుకే. గోదారికి ఏరేటర్లు ఎవరు పెడతారు? ఆ చెరువుల్లో మిగిలిన మేతా, రెట్టా కలిసిన నీళ్లని శుద్ధి చేయకుండా డ్రెయిన్లలోకి వదిలేస్తుంటే నాకు కడుపు రగిలిపోతుంది. వేసవిలో పారుదల తగ్గాక ఆ మురుగు ఇంకా చిక్కబడుతుంది.

గట్టునున్న తుంగా, జమ్మూ చూసి పిచ్చిమొక్కలని తగలబెట్టేస్తారు చాలామంది. దయచేసి మీరు అలా అనుకోకండి. వాటి వేర్లు మట్టిని పట్టి ఉంచుతాయి, పొలాల నుంచి కొట్టుకొచ్చే ఎరువుని కొంత లాగేసుకుంటాయి. ఆ ఎరువు నదిలో పడితే గుర్రపుడెక్క అల్లుకుపోయి, కింద నీళ్లకి ఎండా గాలీ అందవు. చేపపిల్లలు దాక్కునేదీ, నీటికోళ్లు గూళ్లు పెట్టేదీ ఆ జమ్ములోనే.

దిగువన సముద్రం దగ్గర ఇదే పని మడ అడవులు చేస్తాయి. కాకినాడ దగ్గరున్న కోరింగ మడ అడవిని 1978లో అభయారణ్యం చేశారు. అక్కడ నీటికుక్కలున్నాయి, చేపలు పట్టే బావురుపిల్లులున్నాయి. వరదల కాలంలో పులసలు గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి గోదారి పాయల్లోకే ఎక్కి, ధవళేశ్వరం ఆనకట్ట దాకా ఎదురీదుకుంటూ వస్తాయి. మన డ్రెయిన్ల నీళ్లు దిగేదీ ఆ పాయల్లోకే.

2027లో పుష్కరాలు. మీరంతా వస్తారుగా, దీపాలు అరటిదొప్పల్లోనే వదులుదాం. థర్మోకోల్ పళ్లేలు కొనొద్దని మీ అమ్మకి ఇప్పుడే చెప్పండి.

ఈ దసరాకి వచ్చేటప్పుడు నోటుబుక్కు తెచ్చుకోండి. ఆక్సిజన్ చూసే చిన్న కిట్టు ఆక్వా మందుల షాపులో దొరుకుతుంది, నేను కొని ఉంచుతాను. తెల్లవారకముందు ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి రేవులోనూ డ్రెయిన్ కలిసే చోటా నీళ్లు పట్టి అంకెలు రాద్దాం. రేవు మెట్లు జారతాయి, చెప్పులు మంచివి వేసుకురండి.

మీ అమ్మమ్మ