రాత్రి కోడిని పట్టేది ముంగిస కాదు: పెరటి కోళ్ల గూటి మీద అపోహలు - వాస్తవాలు

అపోహ: రాత్రి కోడిని ఎత్తుకెళ్లింది ముంగిసే.

తెల్లారి తలుపు తీసేసరికి కోడి ఒకటి తక్కువైతే ఊళ్లో ముందు వినిపించే పేరు ముంగిస. కానీ ముంగిస పగలు తిరిగే జంతువు. పొద్దుగూకితే బొరియలో పడుకుంటుంది. అది కోడిపిల్లల్ని పట్టేది పట్టపగలు, పెరట్లో మనుషుల అలికిడి లేనప్పుడు. రాత్రి వచ్చేవి వేరు, ఏది వచ్చిందో జాడను బట్టి చాలావరకు తెలుస్తుంది. నాలుగైదు కోళ్లు చచ్చి, తినకుండా చెల్లాచెదురుగా పడుంటే కుక్కలు. ఒక్క కోడే మాయమై కంచె దాకా ఈకలు రాలి ఉంటే అడవిపిల్లి గానీ పునుగుపిల్లి గానీ. గుడ్లు పెంకు ముక్క కూడా మిగలకుండా పోయినా, పిల్ల తల, మెడ తడిసి ఈకలు అతుక్కుపోయి చచ్చి పడున్నా అది పాము పని, మింగబోయి వదిలేసిందన్నమాట. గూట్లో నేల మీద కొత్త బొరియ, కోడి కాళ్ల మీద కొరికిన గాట్లు కనిపిస్తే పందికొక్కు లేదా ఎలుక. ఈ తేడా చూడకుండా ముంగిసకు బోను పెడితే కుక్కకు తలుపు తెరిచే ఉంటుంది.

అపోహ: జాలీ కొట్టాం, ఇక భయం లేదు.

బజార్లో కోళ్ల జాలీ అని అమ్మే ఆరుమూలల కంతల జాలీకి తీగ సన్నం. కుక్క పంజా వేసి లాగితే మెలికలు విడిపోతాయి. ఎలుక అసలు లాగే పని లేకుండానే దూరుతుంది. కింద నుంచి రెండడుగుల ఎత్తు దాకా అర అంగుళం చదరపు కంతల వెల్డ్ మెష్ (తీగలు ఒకదానికొకటి అతికిన గట్టి జాలీ) వేయండి. దాన్ని ఉత్త మేకులతో కాక, పైన చెక్క పట్టీ పెట్టి స్క్రూలతో బిగించండి. పైన మామూలు జాలీ చాలు.

గోడ కంటే నేలకే ఎక్కువ ఖర్చు పెట్టడం మేలు. నెల్లూరు, ఒంగోలు తీరం పక్క ఇసుక నేలల్లో, అల్లూరు వైపైనా సింగరాయకొండ వైపైనా, పందికొక్కు ఒక్క రాత్రిలో గోడ కిందుగా దారి చేసుకుంటుంది. కడప బండలు పరిచి సందులు సిమెంటుతో పూడిస్తే ఆ బాధ తీరుతుంది. బండలు కుదరకపోతే గూడు చుట్టూ అడుగు వెడల్పున మెష్ నేలకు పరిచి, ఒక అంచు గోడకు కట్టి, పైన నాలుగు వేళ్ల మందం మట్టి కప్పండి. తవ్వే జంతువు గోడ మొదట్లోనే మొదలుపెడుతుంది. మెష్ గోళ్లకు తగలగానే మానుకుంటుంది, అడుగు వెనక్కి జరిగి తవ్వాలని దానికి తోచదు. చివరగా తలుపు కింద వేలు పెట్టి చూడండి. మీ చూపుడువేలు దూరే సందులో ఎలుకపిల్ల దూరుతుంది.

అపోహ: చలికి, వానకు గోనెసంచులతో గూడంతా మూసేయాలి.

నెల్లూరు, ఒంగోలు తీరంలో డిసెంబరు, జనవరి రాత్రుల్లోనూ ఉష్ణోగ్రత 20 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. ఒంటి వేడి 41 డిగ్రీలుండి, మీద ఈకల దుప్పటి ఉన్న పెద్ద కోడికి అది చలే కాదు. దాన్ని దెబ్బతీసేది తడి, రెట్ట నుంచి లేచే అమ్మోనియా. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్యం వైపు నుంచి. కాబట్టి ఆ వైపు చూరు రెండడుగులు బయటికి దించండి, పట్టా కట్టండి. అయితే రెండు ఎదురెదురు గోడల పైన, చూరు కింద జానెడు మేర జాలీ తెరిచే ఉంచాలి. ఆ గాలి కోళ్ల తలల పై నుంచి పోవాలి, నేరుగా ఒంటికి కొట్టకూడదు. మన పెరళ్లలో ఎక్కువగా కనిపించేది దీనికి తలకిందులు: పైన ఊపిరాడనివ్వరు, కింద కంతలు వదిలేస్తారు.

తెల్లారి తలుపు తీయగానే తల లోపల పెట్టి, కోళ్లు పడుకున్న ఎత్తులో రెండుసార్లు గాలి పీల్చండి. ముక్కుకు ఘాటు తగిలినా, కళ్లు చెమర్చినా కోళ్లు రాత్రంతా పీల్చింది ఆ గాలే.

అపోహ: వాసనొస్తే సున్నం చల్లాలి.

తడి రెట్ట మీద సున్నం పడితే అమ్మోనియా ఇంకా ఎక్కువ లేస్తుంది, పైగా కాళ్లు ఒరుస్తుంది. సున్నం గోడలకు కొట్టండి, లేదా గూడు ఖాళీ చేసినప్పుడు నేలకు పూయండి. వాసనకు మందు తడి ఊక తీసేసి పొడి ఊక వేయడమే. వరి ఊక మనకు ప్రతి మిల్లు దగ్గరా దొరుకుతుంది, మూడంగుళాల మందం పోయండి. గుప్పెడు తీసి పిసికితే ముద్దయితే మార్చాల్సిందే. వేరుశనగ పొట్టు తడిస్తే బూజు పడుతుంది, ఆ బూజు కోళ్ల ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది.

అపోహ: గంప కింద పెట్టి పైన రాయి పెడితే సరి.

తల్లికోడికీ పిల్లలకూ గంప బాగానే ఉంటుంది. పది కోళ్లను కుక్కితే రోహిణి కార్తె రాత్రుల్లో ఉడికిపోతాయి. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి వగర్చడమే దాని ఉపాయం. రాత్రి తొమ్మిది దాటినా వగరుస్తుంటే చోటు చాలలేదని అర్థం. రాత్రి పడక వరకైతే కోడికి ఒక చదరపు అడుగు, పది కోళ్లకు నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు చాలు. ఇనుప రేకు మీద తాటాకు పరిస్తే పగటి ఎండకు రేకు కాగదు.

అపోహ: రాత్రంతా బల్బు వెలిగితే పాములు రావు.

వెలుగుకు పురుగులు, పురుగులకు కప్పలు, కప్పలకు పాములు. పెద్ద కోళ్లకు చీకటి కావాలి. బల్బు అవసరమైంది తల్లి లేని పిల్లలకే, మొదటి వారం 32 నుంచి 35 డిగ్రీల వేడి కోసం. వెల్లుల్లి పాములనేమీ ఆపదు. కార్బాలిక్ యాసిడ్ మీద మనవాళ్లకు నమ్మకమెక్కువ గానీ అది కోళ్లకే విషం. పాము వచ్చేది గుడ్లకూ ఎలుకలకూ, ఎలుక వచ్చేది మిగిలిన గింజలకూ. సాయంత్రం గుడ్లు ఏరి, మేత గిన్నె ఇంట్లో పెట్టండి. చీకట్లో కోడి ఎలాగూ తినదు. నీళ్లు మాత్రం తెల్లారగానే అందేలా ఉంచండి.

అపోహ: కోళ్లు గూట్లోకి రాకుండా చెట్టెక్కుతుంటే అది మొండితనం.

ఇన్నాళ్లూ వచ్చిన కోళ్లు ఉన్నట్టుండి రానంటున్నాయంటే ముందు కోళ్ల నల్లుల్ని (మంచాల్లో ఉండేవి కావు, ఇంకా సన్నటివి) అనుమానించండి. ఇవి పగలు చెక్క పగుళ్లలో ఉండి రాత్రి రక్తం తాగుతాయి, అందుకే పగలు కోడిని ఎంత వెతికినా కనపడవు. రాత్రి తొమ్మిది తర్వాత టార్చి వేసుకుని, కోళ్లు పడుకునే కర్ర అడుగు భాగాన్ని తెల్లగుడ్డతో గట్టిగా తుడవండి. గుడ్డకు ఎర్రటి గీతలు అంటితే అవే. కర్రలు బయటికి తీసి, సలసలా కాగే నీళ్లు పగుళ్లలోకి పోసి ఎండలో ఆరబెట్టండి. గూటి మూలలకు సున్నం కొట్టండి. మిగిలిన నల్లి గుడ్లు పిల్లలవుతాయి కాబట్టి వారానికి మళ్లీ ఇదే పని చేయాలి. కొత్త కర్ర వేసేటప్పుడు జామాయిల్ అయితే బెరడు పూర్తిగా చెక్కేయండి, వెదురైతే రెండు చివర్ల బోలునూ సిమెంటుతో మూయండి.